కప్పు క్రింద కాలిబంతి: స్త్రీలను ఆటకు రప్పించేది ఏమిటి?

వ్యాయామం ఖర్చు లేని మందు. వ్రాసి ఇవ్వడం సులభం, వాడించడం కష్టం. మధుమేహం, అధిక రక్తపోటు, స్థూలకాయం, మోకాళ్ళ నొప్పులతో ప్రభుత్వ వైద్యశాలలకు వచ్చే మధ్యవయస్సు స్త్రీలకు "రోజూ నడవండి" అన్న సలహా తప్పక లభిస్తుంది. వారు తల ఊపుతారు. మూడు వారాలు నడుస్తారు కూడా. ఆ తరువాత ఇంట్లో పెళ్ళో, పిల్లల పరీక్షలో, అత్తగారి అనారోగ్యమో, వానలో అడ్డు వస్తాయి. ఒకసారి ఆగిన నడక మళ్ళీ మొదలు కావడం అరుదు.

2024లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రికలో వెలువడిన అంచనాల ప్రకారం 2022 నాటికి భారతదేశంలో వయోజన స్త్రీలలో సుమారు 57 శాతం మందికి చాలినంత శరీరశ్రమ లేదు. పురుషులలో ఇది సుమారు 42 శాతం. తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు పనిలో నలిగే స్త్రీకి శ్రమ లేదనడమేమిటని కొందరికి కోపం రావచ్చు. కాని అలసట వేరు, వ్యాయామం వేరు. పొయ్యి ముందు నిలబడే గంటలూ, కార్యాలయంలో కూర్చునే గంటలూ నడుముకు నొప్పిని మిగులుస్తాయి. గుండె వేగాన్ని, శ్వాస వేగాన్ని పెంచి శరీరాన్ని దృఢపరచేది వాటిలో తక్కువ.

స్త్రీలు వ్యాయామం ఎందుకు చేయరు అని మనం తరచు చర్చిస్తాము. చేసేవారు, విడువకుండా కొనసాగించేవారు, దేనికోసం చేస్తున్నారో విచారించడం అంతకంటె ప్రయోజనకరమని నా అభిప్రాయం. అందుకు నేనొక ఆటను తీసుకుంటాను. మన పాఠకులలో చాలామందికి పెద్దగా పరిచయం లేని ఆట అది: ఇంటికప్పు క్రింద, చిన్న స్థలంలో ఆడే ఫుట్‌బాల్.

ఆట స్వరూపం

ఈ ఆటకు మూలం దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశం. 1930లో మోంటెవిడియో నగరంలో హువాన్ కార్లోస్ సెరియానీ అనే ఉపాధ్యాయుడు వై.ఎం.సి.ఎ. వ్యాయామశాలలో ఆడుకొనేందుకు వీలుగా ఫుట్‌బాల్‌ను కుదించాడు. దానిని నేడు ఫుట్సాల్ అంటారు. జట్టుకు అయిదుగురు, అందులో ఒకరు గోల్‌కీపర్. ఒక్కొక్క అర్ధభాగం 20 నిముషాలు. బంతి మామూలు ఫుట్‌బాల్ కంటె చిన్నది, తక్కువగా ఎగురుతుంది. ఉత్తర అమెరికాలో ఇదే కోవకు చెందిన మరొక రూపం ఉంది. అక్కడ మైదానం చుట్టూ గోడలుంటాయి, బంతి వాటికి తగిలి తిరిగి వస్తుంది.

ఈ నియమాలలో కొన్ని, ఆలస్యంగా ఆట మొదలుపెట్టే స్త్రీలకు ఎంతో అనుకూలమైనవి. పెద్ద మైదానంలో ఇరవై ఇద్దరి మధ్య కొత్తగా చేరిన వ్యక్తికి పావుగంట గడిచినా బంతి అందకపోవచ్చు. అయిదుగురి జట్టులో నిముషానికోసారైనా బంతి కాలి దగ్గరకు వస్తుంది. ఆటగాళ్ళను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఆయాసం వచ్చిన మనిషి ప్రక్కకు వచ్చి కూర్చుని, ఊపిరి కుదుటపడగానే మళ్ళీ లోపలికి వెళ్ళవచ్చు. బంతి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది కనుక తలతో కొట్టవలసిన అవసరం తక్కువ. వాన, ఎండ, చీకటి ఆటను ఆపవు. నలభై యేళ్ళ వయస్సులో తొలిసారి బంతిని తన్నే స్త్రీని కూడా ఈ ఆట దూరం పెట్టదు.

'నేను' నుంచి 'మేము' వరకు

స్త్రీలు ఈ ఆటలో ఎందుకు నిలుస్తారన్న ప్రశ్నకు డెన్మార్క్ పరిశోధకుల పని చక్కని సమాధానం ఇస్తుంది. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ క్రుస్ట్రప్, యెన్స్ బాంగ్స్‌బో మొదలైనవారు వ్యాయామం అలవాటు లేని స్త్రీలను ఎంచుకుని, కొందరికి చిన్న జట్లతో ఫుట్‌బాల్, మరికొందరికి పరుగు నేర్పారు. వారానికి రెండుసార్లు, ఒక్కొక్క గంట, 16 వారాలు. శరీరంలో వచ్చిన మార్పులను వైద్యశాస్త్ర పద్ధతిలో కొలిచారు. వారి సహోద్యోగి లైలా ఓటెసెన్ బృందం ఆ స్త్రీలతో మాట్లాడి, వారి మనస్సులో ఏమి జరిగిందో పరిశీలించింది. ఆ ఫలితాలు 2010లో వెలువడ్డాయి.

పరుగు తీసిన స్త్రీలు ఎక్కువగా తమ గురించే చెప్పారు: తమ ఆరోగ్యం, తమ బరువు, తాము సాధించిన దూరం. ఫుట్‌బాల్ ఆడిన స్త్రీలు క్రమంగా 'మేము' అని మాట్లాడడం మొదలుపెట్టారు. ఎవరు ఎలా పడ్డారు, ఎవరు ఊహించని గోల్ చేశారు, ఎవరు రాకపోతే జట్టు ఎలా కుంటుపడింది అన్నవి వారి కథలు. ప్రారంభంలో రెండు వర్గాలవారూ పరుగే సులభమని అనుకున్నారు, ఎందుకంటే దానికి ఎవరితోనూ సమయం కుదుర్చుకోనక్కరలేదు. తీరా పరిశోధన ముగిసిన తరువాత చూస్తే ఫుట్‌బాల్ స్త్రీలలో అనేకులు ఆటను కొనసాగించారు. పరుగును కొనసాగించినవారు తక్కువ.

ఈ ఫలితంపై వైద్యులమందరమూ కాసేపు ఆలోచించాలి. "మీకు వీలైనప్పుడు నడవండి" అని మనం చెప్పేది రోగికి వెసులుబాటు ఇవ్వాలనే. కాని గృహిణికి 'వీలైనప్పుడు' అనే సమయం ఉండదు. ఆమె ఖాళీ సమయం మీద ఇంటిల్లిపాదికీ హక్కు ఉంటుంది. ఎవరి పని వచ్చినా మొదట కోతపడేది ఆమె నడకే. దానికి భిన్నంగా "మంగళవారం ఏడు గంటలకు నలుగురు నాకోసం చూస్తారు" అన్నప్పుడు ఆ గంటకు కాపలా ఏర్పడుతుంది. తన ఆరోగ్యాన్ని వాయిదా వేయడానికి వెనుకాడని స్త్రీ, తోటివారికి ఇచ్చిన మాట తప్పడానికి వెనుకాడుతుంది. జీవితమంతా ఇతరులకోసం బాధ్యత మోసే ఆమె స్వభావమే ఇక్కడ ఆమెకు మేలు చేస్తుంది.

మూడు ఆకలులు

అమెరికన్ మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్‌లు మనిషిని లోపలినుంచి కదిలించే మూడు అవసరాలను గుర్తించారు. తన ఇష్టప్రకారం నడచుకొనే స్వేచ్ఛ, ఏదో ఒకటి చేయగలనన్న సామర్థ్యం, తనవారు ఉన్నారన్న సాంగత్యం. ఈ మూడూ తీరే పనిని మనిషి ఎవరూ తరమకుండానే చేస్తాడు. భయంతోనో, సిగ్గుతోనో చేసే పని ఎక్కువకాలం సాగదు.

స్త్రీలకు వ్యాయామాన్ని మనం ఎలా పరిచయం చేస్తున్నామో గమనించండి. "లావయ్యావు", "పెళ్ళిలోపు తగ్గాలి", "కాన్పు తరువాత ఇలా అయిపోయావు", "చక్కెర పెరిగింది, ఇక తప్పదు". ప్రతి మాటలోనూ శరీరం ఒక నేరస్థురాలు, వ్యాయామం శిక్ష. బరువు తగ్గని రోజున ఆ శిక్షకు అర్థం పోతుంది. ఆటలో శరీరాన్ని చూచే చూపు మారుతుంది. నడుము కొలత ఎంత అన్న ప్రశ్న అక్కడ లేదు. బంతిని ఆపగలిగానా, అందించగలిగానా అన్నదే ప్రశ్న. నిరుడు చేయలేని పనిని ఈ యేడు చేయగలగడం యాభై యేళ్ళ వయస్సులో సామాన్యమైన ఆనందం కాదు.

ఇక స్వేచ్ఛ. ఆటలో ఉన్న గంటసేపు ఆమె ఎవరి తల్లీ కాదు, ఎవరి కోడలూ కాదు, ఎవరి క్రింది ఉద్యోగినీ కాదు. బంతి కదులుతున్నప్పుడు రేపటి ఫలహారం గురించి ఆలోచించే తీరిక ఉండదు. గట్టిగా అరవవచ్చు, పడవచ్చు, నవ్వవచ్చు. ఆందోళన, దిగులు, నిద్రలేమి గల అనేకమందికి క్రమబద్ధమైన వ్యాయామం ఉపకరిస్తుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఆ గంటను తనదని అనుకోగలగడం ఆ ఉపకారంలో ఒక భాగమని నేను భావిస్తాను.

కప్పు ఇచ్చే రక్షణ, గోడలు పెట్టే హద్దు

కప్పు క్రింద ఆడడంలో మరొక సంగతి ఉంది. చాలా దేశాలలో స్త్రీలు ఆరుబయట ఆడడానికి జంకేది ఆట కష్టమని కాదు, చూపులకు భయపడి. నాలుగు గోడలు ఆ చూపులను ఆపుతాయి.

ఇరాన్ దీనికి స్పష్టమైన ఉదాహరణ. 1979 విప్లవం తరువాత అక్కడ బహిరంగ మైదానాలలో స్త్రీల ఫుట్‌బాల్ దాదాపు ఆగిపోయింది. పురుషులు ప్రవేశించని వ్యాయామశాలలలో మాత్రం ఫుట్సాల్ రూపంలో అది నిలిచింది, పెరిగింది. 2015లో మలేషియాలో జరిగిన మొట్టమొదటి ఆసియా మహిళల ఫుట్సాల్ పోటీలలోనూ, 2018లో థాయిలాండ్‌లో జరిగిన పోటీలలోనూ అంతిమ పోరులో జపాన్‌ను ఓడించి ఇరాన్ స్త్రీలే విజేతలయ్యారు. మూసిన తలుపుల వెనుక ఆడుకోనిస్తే చాలునని మొదలైన ఆట ఖండానికే మిన్న అయిన జట్టును తయారుచేసింది.

కాని 2015లో ఆ విజయం సాధించిన జట్టులో సారథి నిలోఫర్ అర్దలాన్ లేదు. అక్కడి చట్టం ప్రకారం వివాహిత పాస్‌పోర్టు పొందాలంటే భర్త అనుమతి కావాలి. కుమారుడు బడిలో చేరే రోజు దగ్గర పడిందన్న కారణంతో భర్త ఆ అనుమతి ఇవ్వలేదు. ఆమె ఈ సంగతిని బహిరంగంగా చెప్పడంతో పెద్ద చర్చ జరిగింది. ఆ సంవత్సరమే నవంబరులో గ్వాటెమాలాలో జరిగిన పోటీలకు అధికారులు ఆమెకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు.

ఆ చట్టం మన దేశంలో లేదు. కాని 'బిడ్డ బడి' అన్న కారణం మనకు కొత్తదేమీ కాదు. తండ్రి క్రికెట్ ఆడటానికి ఆదివారం పొద్దున్నే బయలుదేరితే ఎవరూ ప్రశ్నించరు. తల్లి ఆడటానికి బయలుదేరితే పిల్లలకు అన్నం ఎవరు పెడతారన్న ప్రశ్న గుమ్మం దగ్గరే ఎదురవుతుంది. పెక్కు ఇళ్ళలో అనుమతి పత్రం కాగితం మీద ఉండదు, ముఖాలలో ఉంటుంది.

ఆరోగ్యం పేరుతో జరిగిన అన్యాయం

స్త్రీలకు ఫుట్‌బాల్ తగదన్న మాటకు వైద్యం పేరు కూడా వాడుకున్నారని ఇక్కడ చెప్పాలి. 1920 డిసెంబరులో ఇంగ్లాండులోని లివర్‌పూల్‌లో జరిగిన ఒక స్త్రీల ఫుట్‌బాల్ పోటీకి సుమారు 53,000 మంది ప్రేక్షకులు వచ్చారు. మరుసటి డిసెంబరులో ఇంగ్లాండు ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట స్త్రీలకు తగినది కాదని, తన సభ్య క్లబ్బుల మైదానాలను వారికి ఇవ్వరాదని తీర్మానించింది. స్త్రీ శరీరం ఇంతటి శ్రమకు తట్టుకోదని ఆనాడు కొందరు వైద్యులు కూడా వంతపాడారు. ఆ నిషేధం సుమారు 50 ఏళ్ళు సాగింది. జర్మనీలో 1955 నుంచి 1970 వరకు ఇటువంటిదే ఉండేది. బ్రెజిల్‌లో 1941లో, స్త్రీ ప్రకృతికి సరిపడని ఆటలను స్త్రీలు ఆడరాదని శాసనమే చేశారు. అది 1979 వరకు ఉన్నది.

గర్భాశయం కటివలయంలో ఎముకల నడుమ భద్రంగా ఉండే అవయవం. పరుగెత్తినంత మాత్రాన, బంతి తన్నినంత మాత్రాన దానికి హాని కలుగుతుందనడానికి ఆధారం లేదు. అయినా ఆ భయం మన ఇళ్ళలో నేటికీ వినిపిస్తుంది. పురుషుల ఫుట్సాల్ ప్రపంచ కప్ పోటీలు 1989లో మొదలైతే, స్త్రీలకు ఫిఫా తొలి ప్రపంచ కప్ జరిగింది 2025లో, ఫిలిప్పీన్స్ దేశంలో. మధ్య 36 ఏళ్ళు. అందులో గెలిచినది బ్రెజిల్ కావడం, ఒకనాటి శాసనానికి ఆ దేశపు స్త్రీలు ఇచ్చిన జవాబుగా నాకు తోచింది.

శరీరానికి ఒనగూడే మేలు, తీసుకోవలసిన జాగ్రత్త

ఈ ఆటలో పరుగు, నడక, ఆగడం, మళ్ళీ పరుగు వరుసగా వస్తాయి. వినోదానికి ఆడే చిన్న జట్ల ఫుట్‌బాల్‌లో కూడా గుండె వేగం సగటున గరిష్ఠ వేగంలో 80 శాతం వరకు చేరుతుంది. ఫారో దీవులలో అధిక రక్తపోటు గల 35 నుంచి 50 ఏళ్ళ స్త్రీలు 15 వారాలపాటు, వారానికి మూడు గంటలు ఇటువంటి ఫుట్‌బాల్ ఆడినప్పుడు ముకుళిత రక్తపోటు, అనగా పై అంకె, సగటున సుమారు 12 మిల్లీమీటర్లు తగ్గినట్లు 2014లో ప్రచురితమైంది. ఇది ఒక మందు చేసే పనికి తీసిపోదు. అయితే దీనిని చదివి ఎవరూ మందులు మానరాదు. మందుల మోతాదు మార్చవలసినది రక్తపోటును కొలిచి చూచే వైద్యులే. హఠాత్తుగా ఆగడం, ప్రక్కకు తిరగడం, గెంతడం ఎముకలపై పలువైపుల ఒత్తిడిని కలిగించి వాటి సాంద్రతను పెంచుతాయి. ముట్లుడిగిన తరువాత ఎముకలు వేగంగా గుల్లబారుతాయి కనుక ఆ వయస్సుకు ముందే ఎముకలను గట్టిపరచుకొనడం మంచిది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. స్త్రీలలో మోకాలి కీలులోని ముందు లిగమెంటు తెగే అవకాశం పురుషులలో కంటె ఎక్కువ. ఆటకు ముందు శరీరాన్ని వేడిచేసే వ్యాయామాలు, తొడ కండరాలను బలపరచే వ్యాయామాలు, దూకినపుడు మోకాళ్ళు లోపలికి వంగకుండా నేలపై దిగే అభ్యాసం తప్పనిసరి. ఫిఫా 11+ అనే 20 నిముషాల కార్యక్రమం ఇందుకే రూపొందింది. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ బాలికలలో దానిని పరీక్షించినప్పుడు గాయాలు సుమారు మూడవ వంతు తగ్గాయని 2008లో తెలిసింది. గట్టి నేలపై జారని, అడుగు చదునైన బూట్లు కావాలి. కాళ్ళకు షిన్ గార్డులు ఉండాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కనుక ఆడుతున్నప్పుడు త్వరగా ఆయాసం వచ్చే స్త్రీ 'నాకు చేతకాదు' అని విరమించుకొనే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. కాన్పులైన స్త్రీలలో కొందరికి గెంతినప్పుడు మూత్రం చుక్కలుగా పడుతుంది. సిగ్గుపడి ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఆట మానేస్తారు. కటితల కండరాల వ్యాయామాలతో చాలామందికి ఇది తగ్గుతుంది. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, మధుమేహం గలవారు, ఇటీవల ప్రసవించినవారు, నలభై దాటి కొత్తగా మొదలుపెట్టేవారు వైద్యులను సంప్రదించి ప్రారంభించాలి. ఆటలో ఛాతినొప్పి, స్పృహ తప్పినట్లుండడం, గుండెదడ కలిగితే వెంటనే ఆపాలి.

మన సంగతి

తెలుగునాట స్త్రీలకు ఫుట్‌బాల్ పూర్తిగా కొత్తదేమీ కాదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టులో ఆడింది, క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ క్లబ్బుకు కూడా ఎంపికైంది. కాని నేను మాట్లాడుతున్నది అంతటి క్రీడాకారిణుల గురించి కాదు. వారికి ఆట వృత్తి. మిగిలిన లక్షల స్త్రీలకు ఆట జ్ఞాపకం మాత్రమే. బడిలో ఖోఖో, కబడ్డీ ఆడినవారే వారందరూ. పెద్దమనిషి అయిన రోజుతోనో, పదవ తరగతితోనో ఆట ఆగిపోయింది. ఆ తరువాత ముప్పై ఏళ్ళకు మధుమేహం వచ్చినప్పుడు వైద్యుడు వారిని మళ్ళీ పరుగెత్తమంటాడు.

నగరాలలో నేడు కృత్రిమ పచ్చిక పరచిన టర్ఫ్ మైదానాలు వీధి వీధికీ వెలిశాయి. సాయంకాలాలలో అక్కడ ఉండేది దాదాపు అందరూ మగవారే. జిల్లా కేంద్రాలలోని ఇన్‌డోర్ స్టేడియములు, కళాశాలల బాస్కెట్‌బాల్ కోర్టులు వారంలో చాలా గంటలు ఖాళీగా ఉంటాయి. సరదాగా అయిదుగురేసి ఆడుకోవడానికి బాస్కెట్‌బాల్ కోర్టు చాలు. వారానికి రెండు గంటలు స్త్రీలకని కేటాయించి, శుభ్రమైన మరుగుదొడ్డి, దుస్తులు మార్చుకొనే గది, వెలుతురు గల దారి ఏర్పరిస్తే ఖర్చు పెద్దగా పెరగదు. చుడీదారుతో ఆడినా అభ్యంతరం ఉండరాదు. చిన్నపిల్లలను వెంట తెచ్చుకొనే వీలుండాలి. స్వయం సహాయక సంఘాలుగా పొదుపు చేయడం నేర్చిన మన స్త్రీలకు జట్టు కట్టడం ఒకరు నేర్పనక్కరలేదు.

అందరూ ఫుట్‌బాలే ఆడాలని నా వాదన కాదు. ఏకాంతంగా నడవడం ఇష్టమైనవారున్నారు, యోగాసనాలతో తృప్తి పొందేవారున్నారు. వారు వాటినే కొనసాగించాలి. త్రోబాల్, షటిల్, కోలాటం, ఏదైనా మంచిదే. గమనించవలసినది ఒకటే: అందులో సంతోషం ఉందా, సహచరులున్నారా, దానికంటూ ఒక నిర్ణీత సమయం ఉందా? ఈ మూడూ లేని వ్యాయామం మన స్త్రీల జీవితంలో నిలబడడం కష్టం. ప్రపంచ ఆరోగ్యసంస్థ వయోజనులకు వారానికి కనీసం 150 నిముషాల మధ్యస్థాయి శ్రమనో, 75 నిముషాల తీవ్రశ్రమనో సూచిస్తున్నది. రెండు గంటల ఆట అందులో చాలా భాగాన్ని పూరిస్తుంది.

చివరిగా ఇంటి పెద్దలకు, భర్తలకు ఒక మాట. భార్యను వైద్యుని వద్దకు తీసుకుని వచ్చి "చెప్పినా వ్యాయామం చేయదండీ" అని ఫిర్యాదు చేసేవారు చాలామంది ఉంటారు. వారానికి ఏ రెండు గంటలు ఆమెవో, ఆ రెండు గంటలు పొయ్యి దగ్గర, పిల్లల దగ్గర ఎవరు ఉంటారో ముందుగా ఇంట్లో తేల్చుకోండి. అది తేలితే ఆమె ఏ ఆట ఆడాలో ఆమే నిర్ణయించుకుంటుంది. వైద్యుని సలహా అప్పుడు పనిచేస్తుంది.